ఒక పూస తక్కువ

శనివారం. సంతోష దేవరహస్యాలు.
రెండోదాని దాకా బాగానే వచ్చాం.
మరియమ్మ కొండదారిన ఎలిసబెతమ్మను చూడబోతా ఉంది.
ఏడో పూస దగ్గర క్లారెన్సు ఆగ్నెసును గిల్లాడు,
ఆగ్నెసు ఏడవబోయి తుమ్మింది,
కుక్కరు నాలుగో కూత కూసింది.
నేను పొయ్యి కట్టేసి వచ్చేలోపల
బుడ్డోడు జపమాల తెంచాడు.

మా అమ్మ వేళాంగణ్ణి నించి తెచ్చిన మాల.
చీకట్లో పచ్చగా మెరిసే ప్లాస్టిక్ పూసలు.
మంచం కింద, బియ్యం డబ్బా వెనక, చెప్పుల్లో.
జపానికి నిలవని మోకాళ్ళు
పూసలకోసం ఇల్లంతా పాకాయి.
చిన్నపూసలు యాభై రెండు.
మళ్ళీ లెక్కపెట్టాం.
యాభై రెండే.
బాలశౌరి, మా బుడ్డోడు,
చొల్లు కార్చుకుంటా నవ్వాడు.

"దేవుడి పూసేలే, ఏం చెయ్యదు" అని
మా అత్త చౌరమ్మ అరటిపండు ఒలిచింది.
టంగుటూరు సెంటర్లో ఆరెంపీ
బొజ్జ మీద రెండు వేళ్ళతో తట్టి
"దాని దారిన అదే వస్తదమ్మా, చూస్తా ఉండు" అని
యాభై తీసుకున్నాడు.
లారీ మీద పోయిన మా ఆయన ఫోన్లో:
"అట్టా ఎట్టా వదిలేశావు?"
అట్టానే.
ముగ్గురు పిల్లలు, రెండు చేతులు.

రాత్రి కరెంటు పోయింది.
క్లారెన్సు నా చెవిలో:
"అమ్మా, వీడి కడుపులో పూస వెలుగుద్దా?"
చొక్కా పైకెత్తి చూశాం,
నలుగురం తలలు ఆనించి.
మా అత్త కళ్ళజోడు కూడా పెట్టుకుంది.
బొజ్జ. బొడ్డు. బొడ్డు పక్కన దోమకాటు.
ఏమీ వెలగలేదు.
"వెలుగుతా ఉంది" అంది ఆగ్నెసు.
"నీకు కనపడదు. నువ్వు గిల్లావు."

వాడు నిద్రపోయినాక
ఆ బొజ్జ మీద చెయ్యేసి ఊరికే కూర్చున్నా.
మీ గర్భఫలము, మీ గర్భఫలము.
రోజూ అనే మాటే.
షెడ్డులో పొగాకు చెక్కు విప్పుతా కూడా అంటాను,
వేళ్ళకు జిగురే గానీ పెదాలు ఖాళీయే గదా.
ఎన్ని వేల సార్లు అనుంటానో.
ఆ మాటకి ఇంత వేడి ఉంటదని,
అరటిపండు వాసన వస్తదని
అనుకోలేదు.

ఇక మొదలు.
ముంత. పుల్ల. వెతుకులాట.
కడుక్కోడం. మళ్ళీ ముంత.
ఆదివారం పూజలో స్వామి ప్రసంగం,
పోయిన నాణెం కోసం దీపం పెట్టి
ఇల్లంతా ఊడ్చిన ఆడామె గురించి.
ఊడిస్తే సరిపోయింది ఆ మహాతల్లికి, అనుకున్నా.
నవ్వొచ్చింది. కొంగు నోట్లో కుక్కుకున్నా.
మా అత్త మోచేత్తో ఒక్క పోటు పొడిచింది.
పక్కకి చూస్తే
ఆమె కొంగూ నోట్లోనే ఉంది.

సోమవారం పొద్దున, షెడ్డు ఆటో
వీధి మొగన హారను కొడతా ఉండగా
వచ్చింది.
"మూడోనాడు" అంది మా అత్త.
నేనేమీ అనలా.

ఉప్పునీళ్ళు, సబ్బు, వేడినీళ్ళు, మళ్ళీ సబ్బు.
దీన్ని తిరిగి గుచ్చొచ్చో లేదో
స్వామిని అడగమంది. అడగలేదు.
ఆ తల్లి మటుకు
బిడ్డ గుడ్డలు ఉతకలేదా ఏంది.
గేలపు దారం అడిగి తెచ్చుకుని గుచ్చుతుంటే
ఏది అదో కలిసిపోయింది.
ఆగ్నెసు మాత్రం లైటాపి
ఒక్కొక్క పూస కంటికానించి చూస్తా ఉంది,
ఒకటి కొంచెం ఎక్కువ వెలుగుతుందంట.

ఇవాళ కూడా సంతోష రహస్యాలే.
ఆగిన చోటు నాకు గుర్తుంది.
రెండోది, ఏడో పూస,
కొండదారి, ఎండ, కడుపుతో ఉన్న పిల్ల.
రండి, కూర్చోండి.
క్లారెన్సూ, చెయ్యి తియ్యి.